పదకొండు సున్నలు

తప్పులు అందరూ చేస్తారు. కొందరు చేత్తో చేస్తారు, కొందరు నోటితో చేస్తారు. నేను వ్యాకరణంతో చేశాను. ఒకే ఒక్క వాక్యం రాసి ఒక ఊరి పసిపిల్లలందరినీ తలకిందులు చేసిన మొనగాణ్ణి చిత్తూరు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. ఎవరైనా పోటీకి వస్తే ఆ బిరుదు సంతోషంగా అప్పగిస్తాను. ఇప్పుడు చెప్పబోయేది విని మీరు నవ్వుతారు. నవ్వండి. చివర్లో నేను మీతో కలిసి నవ్వకపోతే ఏమీ అనుకోవద్దు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం దొరకదు, కిరసనాయిలు దొరకదు, కాగితం అసలే దొరకదు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. నడిచేవి అనడం మర్యాదకే. మెట్ట వస్తే మనం దిగి తోసేవాళ్ళం, పల్లం వస్తే అది మనల్ని తోసేది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ట్రైనింగు పూర్తి చేసుకుని చిత్తూరులో ఒక చిన్న బడిలో అయ్యవారుగా చేరి ఆరు నెలలైంది. నా పేరు కోదండం. పేరు చూసి విల్లులా వంపు తిరిగిన కండలు ఊహించుకోకండి. బొంగరం తాడుకు చొక్కా తొడిగినట్టుండేవాణ్ణి. జ్ఞానం మాత్రం తిరుమల కొండంత ఉందని నాకు గట్టి నమ్మకం.

ఎండలు ముదురుతుండగా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు కబురు పెట్టారు.

“ఏమయ్యా కోదండం, నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందట గదా?”

“ఏదో మీ దయ అండీ,” అన్నాను. లోపల మాత్రం ‘ముత్యాలేమిటి, పగడాలు కూడా’ అనుకున్నాను.

పని ఇది. నగరి వైపు ఐదు పల్లెల్లో ఐదు బళ్ళున్నాయి. ఒక్కో బడికి ఒకే గది, ఒకే అయ్యవారు. ఒకటో తరగతిలో చేరాలని వచ్చే పిల్లలందరికీ ఆ గదుల్లో చోటు చాలదు. కాబట్టి ఏ బిడ్డ బడికి సిద్ధంగా ఉందో, ఏ బిడ్డ ఇంకో ఏడాది ఆగాలో ఆ ఊరి అయ్యవారే చూసి చెప్పాలి. ఐదుగురు అయ్యవార్లూ ఒకే పద్ధతిలో చూసేలా చెయ్యడం, వాళ్ళు పంపిన వివరాలన్నీ చేర్చి ఒక జాబితా తయారు చెయ్యడం నా వంతు.

“ఐదుగురినీ ఒక తాటి మీదికి తేవాలయ్యా. అంతే,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఆ రోజుల్లో బడీడు తేల్చడానికి ఊరూరా ఒకటే పరీక్ష. కుడిచెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే బడికి, అందుకోకపోతే ఇంటికి. నాకు ఆ పరీక్షంటే ఒళ్ళుమంట. పొట్టి చేతుల పిల్లలు ఏం పాపం చేశారు? అందుకని పది ప్రశ్నలు తయారు చేశాను. పది దాకా ఎంచడం, కుడి ఎడమలు, రంగులు, చెప్పిన పని చెయ్యడం వగైరా. ప్రశ్నలు బాగానే ఉన్నాయి. ఇప్పటికీ వాటిలో నాకు తప్పు కనిపించదు. తప్పంతా ప్రశ్నల కింద రాసిన ఒక్క ముక్కలో ఉంది.

కాగితం కరువు కదా. పాత నోటీసుల వెనకవైపు రాస్తున్నాను. చోటు తక్కువ, పాండిత్యం ఎక్కువ. తేలిక మాటల్లో రాస్తే నాకూ వీధి అరుగు మీది ముసలాయనకూ తేడా ఏముంటుంది? గొంతు సవరించుకుని ఇట్లా రాశాను:

“ఏ శిశువునందు పాఠశాలా ప్రవేశమునకు అనర్హత కానరాదో అట్టి శిశువునకు ఎదుట శూన్యమును, తదన్యులకు ఏకమును వేయునది.”

రాసి, చెయ్యి దూరంగా చాచి, తల ఒకపక్కకు వంచి చూసుకున్నాను. మావిడి పిందెలా ముద్దొచ్చింది.

ఐదు ప్రతులు రాసి ఐదు ఊళ్ళకు పంపాను. నాలుగు టపాలో పోయాయి. ఐదోది మునిరత్నం అయ్యవారికి చేతికే ఇచ్చాను. ఆయన కోర్టులో ఏదో సాక్ష్యం చెప్పడానికి చిత్తూరు వచ్చి మా బడికి వచ్చారు. నేతగాళ్ళ పల్లె ఒకదానిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెబుతున్న మనిషి. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ ఇప్పటికీ నన్ను గుర్తుపట్టేవాళ్ళున్నారు.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా వాక్యం చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

“కోదండం, ఇది మంత్రం మాదిరి ఉండాదప్పా. ఐదుగురినీ ఒకరోజు పిలిపించి నోటితో చెప్పేస్తే సరిపాయె గదా?”

“నోటిమాట గాలికి పోతుంది అయివారూ. కాగితం మీద పెడితే ఇక మారదు.”

“మారదులే అప్పా. అదే నా భయం,” అన్నారాయన, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దాచుకుంటూ.

మీరే చెప్పండి, పెద్దాయన అంత తేటగా హెచ్చరిస్తే మామూలు మనిషి ఏం చేస్తాడు? ఒకసారి ఆలోచిస్తాడు. నేను ట్రైనింగు అయినవాణ్ణి కదా, నవ్వి ఊరుకున్నాను.

పరీక్షలు జరిగే రోజున పర్యవేక్షణ పేరుతో మునిరత్నం గారి ఊరికి పోయాను. బస్సును పుత్తూరు దగ్గర ఒకసారి, దాటినాక రెండుసార్లు తోసి, బొగ్గుమసి పూసుకుని బడికి చేరేసరికి లోపల పిల్లలు, బయట తల్లులు. అయ్యవారు ఒక పిల్లవాడి చేత నెత్తిమీదుగా చెవి పట్టిస్తున్నారు!

“అయివారూ! ఈ చెవుల పరీక్ష వద్దనే కదా నేను పది ప్రశ్నలు రాసింది?”

“ఊరికే ఆటకప్పా. వాని చెయ్యి చెవిని తాకితే నాకేమి, తాకకుంటే నాకేమి? అమ్మ కొంగు ఇడిసి నా కాడికి వస్తాడా ల్యాదా అని చూస్తాండా.” తర్వాత పిల్లవాడి వైపు తిరిగి నా ప్రశ్న అడిగారు. “ఆవు ఏమిస్తాదిరా?”

“తన్నులిస్తాది,” అని వాడు మోకాలి మీద మచ్చ చూపించాడు.

నా కాగితంలో జవాబు ‘పాలు’ అని ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. అయ్యవారు నా వైపు చూసి, “మచ్చ సాక్ష్యం ఉండాది గదప్పా,” అన్నారు.

తర్వాత ఒక ఆడపిల్ల వచ్చింది. ఆరేళ్ళుంటాయేమో. నూలుకు వేసే రంగు అంటుకుని వేళ్ళన్నీ నీలంగా ఉన్నాయి. ఎవరూ పిలవకముందే వచ్చి అయ్యవారి ముందు నిలబడింది.

“కుడిచెయ్యి యాదమ్మా?”

“రెండింటితోనూ నూలు కండెలు సుడతా. మీకు యాది కావల్ల?”

“అన్నం తినేది చూపీ తల్లీ.”

చూపించింది.

“పది దాకా ఎంచు.”

“ఒకట్లోనా, అయిదుల్లోనా?”

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. పోగులు ఎంచినట్టు అయిదు, పది, పదిహేను అంటూ నూరు దాకా పోయి, ఇంకా పోవాలా అన్నట్టు చూసింది. ఆపమన్నాక నా దగ్గరికొచ్చింది.

“మీరు ఎవురు?”

“నేను చిత్తూరు నుంచి వచ్చానమ్మా. పిల్లలకు పరీక్ష సరిగ్గా జరుగుతోందా అని చూడ్డానికి.”

“మరి మీకు పరీచ్చ ఎవురు పెడతారు?”

ఆ ప్రశ్నకు నా కాగితంలో జవాబు రాసుకోలేదు.

నేను బస్సుకని బయల్దేరుతుంటే ఆ పిల్ల తల్లి దారికి అడ్డంగా వచ్చి చేతులు జోడించింది. కన్నెమ్మ ఆమె పేరు.

“సామీ, మా ఇంటాయన మాటన్నాడు. బిడ్డకు తెలివుండాదని అయివోర్లు రాతలో చెప్తే బడికి పంపుతానన్నాడు. ల్యాకుంటే ఇంట్లో కండెలు సుట్టల్లన్నాడు. రొంత బాగా సూడండి సామీ.”

“నా పద్ధతిలో ఎవరికీ అన్యాయం జరగదమ్మా,” అన్నాను. ఎంత ఠీవిగా అన్నానంటే, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ పిల్ల పేరు మాత్రం అడగలేదు. బస్సు వేళయింది.

మే నెలలో ఐదు ఊళ్ళ నుంచీ వివరాలొచ్చాయి. చిత్తూరు వీధులనిండా మామిడిపళ్ళ బండ్లు. నేను చేతులకు పండ్లరసం అంటకుండా గీతలు గీసి, పేర్లు రాసి, పట్టిక తయారు చెయ్యడంలో మునిగిపోయాను. ఒకటి వచ్చినవాళ్ళు చేరవలసిన వాళ్ళు. సున్న వచ్చినవాళ్ళు ఆగవలసిన వాళ్ళు. ఒకటంటే ఉన్నట్టు, సున్నంటే లేనట్టు. లోకమంతా ఒప్పుకున్న సంగతి!

ఆ లోకాన్ని రెండు నెలల కిందట నా వాక్యంతో నేనే తిరగేసి పెట్టానని నాకు జ్ఞాపకం లేదు. నా ఆదేశం ఒకసారి తీసి చదువుకుంటే తెలిసేది. కానీ నేను రాసింది నేను చదువుకోవడమా? అది చదువురాని వాళ్ళు చేసే పని కదా!

నాలుగు ఊళ్ళ అయ్యవార్లు నా మహావాక్యం రెండో మాట దగ్గరే నిద్రపోయి, లోకాన్ని అనుసరించి, సిద్ధంగా ఉన్నవాళ్ళకు ఒకటి, లేనివాళ్ళకు సున్న వేసి పంపారు. వాళ్ళ పిల్లలకు ఏ ఆపదా రాలేదు. ఐదో ఆయన, మునిరత్నం అయ్యవారు, నా వాక్యాన్ని అక్షరమక్షరం చదివి, అర్థం చేసుకుని, అట్లాగే చేశారు. ఆయన పంపిన కాగితంలో పంతొమ్మిది మంది పిల్లలు. పదకొండు సున్నలు, ఎనిమిది ఒకట్లు. నేను ఎనిమిది మందిని చేర్చుకుని పదకొండు మందిని తీసేశాను. పైగా ‘పాపం, ఈ ఊళ్ళో పిల్లలు కొంచెం మందకొడి’ అని జాలిపడ్డాను కూడా.

జాబితా ఊళ్ళకు పోయిన నాలుగో రోజు జాబు వచ్చింది.

“చిరంజీవి కోదండానికి మునిరత్నం ఆశీర్వదించి వ్రాయునది. జాబితా అందినది. గోడకు అంటించి అందరికీ చదివి వినిపించితిని. మా ఊరి మటుకు తిరగబడినట్టు తోచుచున్నది. ఒక్కసారి సరిచూడగలవు.”

చదివి మండిపడ్డాను. నా జాబితాలో తప్పా! ఎదురుగా ఉన్న ఆదేశం తీసి చూడ్డానికి ఎంతసేపు? ఆ సేపులో సగం ఖర్చుపెట్టి జవాబు రాశాను: “సమగ్ర పరిశీలనానంతరము సిద్ధపరచిన పట్టికయందు పొరపాటులు సంభవింపవు.”

కొండను తవ్వి ఎలుకను పట్టడం గురించి విని ఉంటారు. నేను ఎలుకను పట్టబోయి కొండను నెత్తిన వేసుకున్నాను.

బళ్ళు తెరిచే రోజు ఇన్‌స్పెక్టరు గారు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఐదు ఊళ్ళలో ఆయన ఏ ఊరికి పోవాలనుకున్నారో వేరే చెప్పాలా? దరిద్రుడు తల కడుక్కోబోతే వడగళ్ళవాన అంటారు. నాకు రాళ్ళవానే కురిసింది.

బడి ముందు జనం. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. నేను జాబితా విప్పి గంభీరంగా పిలిచాను.

“దొరసామి!”

గొంతు పెంచి మళ్ళీ పిలిచాను.

“దొరసామి ఉన్నాడా, లేడా?”

“ఉండాడు సామీ,” అని గుంపులోంచి ఒక ఆడమనిషి గొంతు. “పాలు తాగతాండాడు. రొంతసేపు ఆగండి.”

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు చూశారు. నేను జాబితా వైపు చూశాను. రెండో పేరు పిలిచాను.

“ఎల్లప్ప!”

ఒక ముసలమ్మ భుజాన వేసుకుని తెచ్చింది. వాడు నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. “లేపల్లంటే లేపుతాను గానీ సామీ, లేస్తే ఊరంతా లేస్తాది,” అంది.

మూడోవాడు కాస్త మెరుగు. నిలబడగలడు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గారికి ముచ్చటేసి వంగి బుగ్గ నిమరబోయారు.

“సామీ, వాడు కరుస్తా...” అంది వాళ్ళమ్మ. అప్పటికే కరిచేశాడు.

ఇన్‌స్పెక్టరు గారు చిటికెన వేలు నోట్లో పెట్టుకుని, తీసి, నెమ్మదిగా అడిగారు. “కోదండం, ఇది ఒకటో తరగతా, పురిటిగదా?”

“ఈ ఊరి పిల్లలు కొంచెం వెనకబడి ఉన్నారండీ,” అన్నాను. ఈ మాట అన్నది నేనేనని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అంతదాకా పక్కన నిలబడిన మునిరత్నం గారు లోపలికి పోయి, పెట్టె తెరిచి, నాలుగు మడతల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు.

“ఇది నువ్వు రాసిందే గదప్పా. పెద్దసారుకు వినపడేటట్టు చదువు.”

చదివాను. మొదటిసారి రాగం తీసి చదివాను. నా వాక్యం కదా!

“మళ్ళీ చదువు,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

రెండోసారి రాగం తగ్గింది.

“ఇంకోసారి.”

మూడోసారి ‘కానరాదో’ దగ్గర నా నాలుక ఇరుక్కుపోయింది.

“అంటే ఏమిటి?”

“అంటే... లోపం లేని బిడ్డకు సున్న అండీ.”

“లోపం లేని బిడ్డ అంటే?”

“బడికి తగిన బిడ్డ అండీ.”

“ఈ అయ్యవారు ఎవరికి సున్న వేశారు?”

“తగినవాళ్ళకండీ.”

“నువ్వు ఎవరిని తీసేశావు?”

“సున్న... వచ్చినవాళ్ళనండీ.”

దొరసామి పాలు తాగుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

“మిగతా నాలుగు ఊళ్ళ సంగతి?”

“వాళ్ళు నా వాక్యం చదివినట్టు లేదండీ.”

“అంటే నీ మాట వినని నలుగురూ బాగున్నారు. విన్న ఒక్కడూ చెడిపోయాడు,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

“నాదీ తప్పుండాది సామీ,” అన్నారు మునిరత్నం గారు తలవంచుకుని. “జాబు రాసి ఊరుకున్నా. నేనే చిత్తూరికి వచ్చి చెప్పల్సింది.”

“జాబా? ఏం జాబు?” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగి.

భూమి విచ్చుకుంటే దూరిపోదామని చూశాను. నల్లరేగడి నేల, ఎండలకు బాగానే బీటలు వారి ఉంది. అయినా నేను పట్టేంత సందు దొరకలేదు. అంత సన్నటి మనిషినై ఉండి కూడా!

ఇన్‌స్పెక్టరు గారు కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. “పంతొమ్మిది ఇళ్ళకూ నువ్వే నడిచిపో. తప్పు నాదని నీ నోటితో చెప్పు. పుస్తక భాషలో చెప్పకు,” అన్నారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడం ఒక్క వాక్యంలో అయిపోయింది. కడుక్కోవడానికి పంతొమ్మిది గడపలు పట్టాయి. ముందు, చేర్చుకుని తీసేసిన ఎనిమిది ఇళ్ళు. దొరసామి అవ్వ నన్ను గడప తొక్కనివ్వలేదు.

“మావోడికి మూడేండ్లు నిండకముందే సర్కారోళ్ళు బడికి పిలిచినారని నగరి దాకా చెప్పుకొన్నా. ఇప్పుడు ల్యాదంటే నా మొగం యాడ పెట్టుకొనేది?”

“నా మొహం పక్కన పెట్టుకో అవ్వా. ఖాళీగానే ఉంది,” అన్నాను.

జాబితాలో నేను కొట్టేసిన పదకొండు ఇళ్ళలో పదిమంది సంతోషంగా పిల్లల్ని పంపారు. ఆవు తన్నిన పిల్లవాడు నా కంటే ముందే బడికి పరుగెత్తాడు. మిగిలింది ఒక్క ఇల్లు. గుంత మగ్గంలో కూర్చుని ఒకాయన నేస్తున్నాడు. పేరు ఏకాంబరం. గోడ వారన ఒక ఆడపిల్ల రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. నీలం వేళ్ళు. జాబితాలో ‘చెంగమ్మ’ అన్న పేరు మీద నేను గీత గీసినప్పుడు, ఆ పేరు ఈ ముఖానిదని నాకు తెలియదు.

గుమ్మం దగ్గర కన్నెమ్మ నిలబడి ఉంది. ఈసారి చేతులు జోడించలేదు.

“ఏకాంబరం, మీ పాప బడికి తగినదే. తప్పు నాది. సున్న అంటే మంచిదని అర్థం. నేను తిరగేసి చదివాను. రేపట్నుంచి పంపించు,” అన్నాను.

అతను మగ్గం ఆపలేదు. పోగు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతోంది, వస్తోంది.

“పదిదినాల కింద తెలివి ల్యాదని చదివించినారు. ఇప్పుడు ఉండాదంటాండారు. రేపు ఇంకో అయివోరు వచ్చి ఇంకోటంటాడు. మగ్గం అట్ల మాట మార్చదు సామీ.”

“తప్పు నాది, పాపది కాదు కదా.”

“ఆ దినం నేను మా ఇంటాయన్ని అడగతా ఉంటి,” అంది కన్నెమ్మ. ఆమె నాతో మాట్లాడుతోందో, గోడతో మాట్లాడుతోందో తెలియలేదు. “నా బిడ్డకు తెలివి ల్యాకపోతే ఇంగెవురికి ఉండాది అని. గోడ మింద కాగితం అంటిచ్చినాక నోరు మూసుకున్నా. రాతలో ఉండాది గదా. ఏమని అడిగేది?”

పిల్ల రాట్నం ఆపి నన్ను చూసింది. గుర్తుపట్టింది.

“అయివోరా, నాకేమీ తెల్దని రాసినారంట గదా?”

నేను ఆ పిల్ల ముందు నేలమీద కూర్చున్నాను. “లేదమ్మా. నీకు అన్నీ తెలుసనే మీ అయివారు రాశారు. నేను తప్పు చదివాను.”

చేతిలోని కండె పక్కన పెట్టింది. వెక్కిరింత ఏమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“అయివోరికి సదవను రాదా?”

“సరిగ్గా రాదమ్మా,” అన్నాను. ఆ ఏడాది నేను చెప్పిన మొదటి తేట తెలుగు వాక్యం అదే.

మగ్గం ఆగింది. ఏకాంబరం నవ్వాడు. గట్టిగా నవ్వాడు. గండం గడిచిందనుకుని నేనూ నవ్వాను. అతను కళ్ళు తుడుచుకుని అన్నాడు. “సదవను రాని అయివోరి మాట నమ్మి బిడ్డను పంపి నేనేం చేసేది సామీ? పోయి రాండి.”

మునిరత్నం గారు కూడా పోయి అడిగారు. ఒకసారి కాదు, దసరా దాకా అడుగుతూనే ఉన్నారు. ఏకాంబరం కదల్లేదు. ఆ ఏడాది చెంగమ్మ కండెలు చుట్టింది.

మరుసటేడు మునిరత్నం గారు పదవి దిగిపోయారు. ఆ బడికి ఎవరిని వెయ్యాలా అని ఇన్‌స్పెక్టరు గారు ఎక్కువ ఆలోచించలేదు. “నీ సున్నలు నువ్వే దిద్దుకో,” అన్నారు. పెట్టే బేడా సర్దుకుని, బస్సు తోసుకుంటూ, చిత్తూరు వదిలి ఆ పల్లెకు చేరాను.

బడి తెరిచిన రోజు ఏకాంబరం పంచెల మూట తీసుకుని నగరికి పోయినాడట. అది చూసి కన్నెమ్మ బిడ్డను చెయ్యి పట్టుకుని తెచ్చి, మాట్లాడకుండా గదిలో కూర్చోబెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆయన ఇంటికొచ్చి పలక చూశాడు. ఏమంటాడోనని నేను వారం రోజులు వణికాను. ఏమీ అనలేదు. కన్నెమ్మ ముఖం చూసి అనలేకపోయాడని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు.

ఒకే గది కదా. ఒకటో తరగతి ఇటువైపు, రెండో తరగతి అటువైపు. తనతో పాటు సున్న వచ్చిన పదిమందీ అటువైపు కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. చెంగమ్మ ఇటువైపు, తనకంటే తల పొట్టి పిల్లల మధ్య. అటు చూసింది. ఇటు చూసింది. తర్వాత నన్ను చూసి, తరగతి మొత్తానికీ వినపడేట్టు అడిగింది.

“అయివోరా, ఇప్పుడు సదవను వచ్చేసినాదా మీకు?”

గది గదంతా నవ్వింది. రెండో తరగతి మరీ నవ్వింది. నేనూ నవ్వాను.

“నేర్చుకుంటున్నానమ్మా,” అన్నాను.

“సరే. మెల్లగా నేర్సుకోండి,” అని పలక తీసింది.

ఆ పిల్లకు చదువు చెప్పడం ఎంత తేలికో మాటల్లో చెప్పలేను. చెప్పకముందే వచ్చేది. మునిరత్నం గారి చేతిలో పడవలసిన పిల్ల నా చేతిలో పడింది, అయినా వచ్చేది. నాలుగో తరగతి ముగిసేసరికి పదకొండేళ్ళు నిండాయి. పెద్దమనిషైంది. ఏకాంబరం వచ్చి, ఈసారి ఎంతో మర్యాదగా చేతులు కట్టుకుని, “ఇంగ చాలు సామీ,” అన్నాడు. ఐదో తరగతి పాసైతే పైబడికి పోవచ్చు. నాలుగుతో ఎక్కడికీ పోలేరు. ఒక్క ఏడాది. ఎంత బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు. “ఒక్క ఏడాదే గదా ఏకాంబరం,” అంటే, “ఆ ఒక్క ఏడాది ముందే చేరుంటే అయిపొయ్యుండేది గదా సామీ,” అన్నాడు. ఆయన నన్ను దెప్పడానికి అనలేదు. లెక్క చెప్పాడు, అంతే. ఆ ఏడాది ఎటు పోయిందో ఊళ్ళో అందరికంటే నాకు బాగా తెలుసు. నా ముత్యాల్లాంటి చేతిరాతలో, ‘కానరాదో’ అన్న మాట దగ్గర పోయింది.

పెద్దలు ఆలు లేదు చూలు లేదు అని నవ్వుతారు. నా కథలో అన్నీ ఉన్నాయి. పిల్ల ఉంది, తెలివి ఉంది, బడి ఉంది, మంచి అయ్యవారు ఉన్నారు, తల్లికి ఆశ ఉంది. వీటన్నిటి మధ్యలో నేనూ ఉన్నాను. అదే వచ్చిన చిక్కు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, కడు గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: నా చేతిలో కలం ఉన్నంత కాలం, పసిపిల్లల బతుకులకు సంబంధించిన ఏ కాగితం మీదా అర్థం కానరాని వాక్యం ఒక్కటైనా రాయకుండా ఉండబోనని...

ఆగండి. రాసింది ఒకసారి చదువుకున్నాను. ఇదీ తిరగబడింది. కొట్టేశాను. మళ్ళీ చెబుతాను.

అట్లా ఇక రాయను.